గొంతు కోసం వెతికితే.. మెడ దొరికింది!

పేజీ తిప్పే ముందు ఒక్క క్షణం అలాగే ఉండండి. సర్దుకోవద్దు. ఉన్నవాళ్లు ఉన్నట్టే గమనించండి. మీ తల ఎక్కడుంది? గడ్డం ముందుకొచ్చి, మెడ వెనక నొక్కుకుపోయినట్టుందా? భుజాలు చెవుల వైపు ఎగదన్ని ఉన్నాయా? పేపరు పట్టుకోవడానికి పళ్లు బిగించాల్సిన పని లేదు, కానీ బిగించే ఉన్నారేమో చూడండి.

ఇది చదువుతూనే చాలామంది చటుక్కున నిటారుగా అయిపోతారు. రెండు నిమిషాలు గడిస్తే మళ్లీ పాత వాటమే. వంగి కూర్చోవద్దని చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు, బళ్లో మాస్టార్లు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో! ఇప్పుడు అదే మాట మనం పిల్లలకు చెబుతున్నాం. వాళ్లూ రెండు నిమిషాలే వింటున్నారు. మెడనొప్పి, నడుంనొప్పితో ఏళ్ల తరబడి బాధపడేవాళ్లకైతే నిటారుగా కూర్చోవాలన్న ప్రయత్నమే మరో బరువు. బలవంతంగా వెన్ను బిగించి కూర్చుంటే సాయంత్రానికి నొప్పి ఇంకాస్త పెరుగుతుంది.

అలా ఎందుకవుతుందో 19వ శతాబ్దం చివర్లో ఒక రంగస్థల కళాకారుడు తన ఒంటి మీదే పరిశీలించి తెలుసుకున్నారు. ఆయన డాక్టరు కాదు. శరీర నిర్మాణ శాస్త్రం చదువుకోలేదు. ఆయనకు నడుంనొప్పి కూడా లేదు. గొంతు పోయింది, అంతే. ఆయన పేరు ఫ్రెడరిక్ మథియాస్ అలెగ్జాండర్. ఇవాళ అలెగ్జాండర్ టెక్నిక్ అని పిలిచే పద్ధతి ఆయనదే.

గని గుమాస్తా.. నాటకాల పిచ్చి

ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియా దీవిలో, వైన్యార్డ్ అనే ఊరి దగ్గర 1869 జనవరి 20న అలెగ్జాండర్ పుట్టారు. తండ్రి కమ్మరి పని చేసేవారు. నెలలు నిండకముందే పుట్టడంతో బిడ్డ బతకడమే కష్టమైంది. ఊపిరి ఇబ్బందులు చిన్నతనమంతా వదల్లేదు. బడికి సరిగా వెళ్లలేక మాస్టారి దగ్గర విడిగా చదువుకున్నారు. గుర్రాలంటే ప్రాణం. ఆ ఇష్టం చివరిదాకా పోలేదు. పెద్దాయనయ్యాక కూడా గుర్రప్పందేలంటే చెవి కోసుకునేవారు.

యుక్తవయసులో వారాటా దగ్గరి తగరం గనుల కంపెనీలో ఉద్యోగంలో చేరారు. జీతం బాగానే ఉండేది, మనసు మాత్రం నాటకాల మీదే. దాచుకున్న డబ్బు జేబులో వేసుకుని 20 ఏళ్ల వయసులో మెల్‌బోర్న్ చేరారు. ఆ డబ్బులో చాలా భాగం నాటకాలు, సంగీత కచేరీలు చూడటానికే ఖర్చుపెట్టారు. తర్వాత పగలు గుమాస్తా పనులు, సాయంత్రాలు నట శిక్షణ. ఆయన ఎంచుకున్నది మన ఏకపాత్రాభినయం లాంటి కళ. వేదిక మీద ఒంటరిగా నిలబడి షేక్‌స్పియర్ నాటకాల్లోని ఘట్టాలను, పద్యాలను చదివి రక్తి కట్టించాలి. మైకులు లేని రోజులవి. చివరి వరుస వరకూ గొంతు వినిపించకపోతే ఆ కళాకారుడి పని అయిపోయినట్టే.

పేరు వస్తున్న సమయంలో సరిగ్గా ఆ గొంతే మొరాయించింది. ప్రదర్శన మధ్యలో బొంగురుపోయేది. ఆయన ఊపిరి పీల్చేటప్పుడు గుర్రుమని చప్పుడు వస్తోందని చూడటానికొచ్చిన స్నేహితులూ చెప్పారు. డాక్టర్లు మందులిచ్చారు, గొంతుకు పుక్కిలింతలు రాశారు. కుదరలేదు. ఒక ముఖ్యమైన ప్రదర్శనకు ముందు రెండు వారాలు గొంతు వాడకుండా ఉండమని డాక్టరు చెబితే అలాగే చేశారు. ఆ రోజు వేదిక ఎక్కేటప్పటికి గొంతు శుభ్రంగా ఉంది. సగం అయ్యేసరికి బొంగురుపోయింది. చివరికొచ్చేసరికి మాటే పెగల్లేదు.

మనమైతే ఇక్కడ డాక్టరును మార్చేవాళ్లం. అలెగ్జాండర్ ఆగి ఆలోచించారు. మొదలుపెట్టినప్పుడు గొంతు బాగుంది. ఒక గంటలో పాడైంది. ఆ గంటలో తాను చేసిందల్లా గొంతు వాడటమే. అంటే వాడే తీరులోనే ఏదో తప్పు జరుగుతోంది. డాక్టరూ ఒప్పుకున్నారు. మరి ఆ తప్పేమిటంటే ఆయన దగ్గర జవాబు లేదు. దాంతో అలెగ్జాండర్ ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడ్డారు.

మూడు అద్దాలు

మామూలుగా మాట్లాడుతూ చూసుకుంటే ఏమీ కనబడలేదు. వేదిక మీద చదివినట్టు గొంతెత్తి చదివితే మూడు పనులు కనబడ్డాయి. తల వెనక్కి లాక్కుంటున్నారు. స్వరపేటికను కిందికి నొక్కేస్తున్నారు. నోటితో గబుక్కున గాలి పీలుస్తున్నారు. ఆ చప్పుడు అక్కణ్నుంచే వస్తోంది. మరోసారి మామూలు మాటల్లో పరిశీలిస్తే ఈ మూడూ అక్కడా ఉన్నాయి, కాకపోతే కంటికి ఆనేంత కాదు.

ఇందులో ఏది ముందు, ఏది తర్వాత? స్వరపేటికను నొక్కకుండా ఉండటం ఆయన చేతిలో లేదు. గాలి పీల్చే తీరూ అంతే. తల వెనక్కి లాగడాన్ని మాత్రం కొంత ఆపగలిగారు. అది ఆగిన కొద్దీ మిగతా రెండూ వాటంతటవే తగ్గాయి, బొంగురూ తగ్గింది. గొంతు కోసం మొదలుపెట్టిన వెతుకులాట అలా మెడ దగ్గరికి చేరింది. తల వెనక్కి వెళ్తే ఛాతీ పైకి లేస్తోంది, నడుం సన్నగా లోపలికి వంగుతోంది, మొత్తం మనిషే పొట్టిగా అవుతున్నాడు. తప్పు గొంతులో ఒక్కచోట లేదు, అరికాళ్ల దాకా ఉంది. నట శిక్షణలో గురువు ఒకప్పుడు పాదాలతో నేలను గట్టిగా పట్టుకుని నిలబడమని నేర్పారు. ఆయన చెప్పినట్టే కాలివేళ్లు బిగించి నిలబడటం అలవాటైంది. ఆ బిగింపే కాళ్ల నుంచి మెడ దాకా పాకింది. మంచి శిష్యుడు కావడం వల్ల వచ్చిన తంటా!

ఇక తల వెనక్కి కాకుండా ముందుకు, పైకి ఉంచితే సరిపోతుందనుకున్నారు. అలాగే ఉంచి చదివారు. అయినా గొంతు పూర్తిగా బాగుపడలేదు. అనుమానం వచ్చి రెండు పక్కలా మరో రెండు అద్దాలు పెట్టుకున్నారు. పక్క అద్దంలో కనిపించింది చూసి అదిరిపోయారు. తల ముందుకు పెట్టానని తాను గట్టిగా నమ్ముతున్న ఆ క్షణంలోనే తల వెనక్కి వెళ్తోంది.

ఆయన జీవితంలో మనకు పనికొచ్చే ఘట్టం ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. మన ఒళ్లు ఎలా ఉందో చెప్పే జ్ఞానం కండరాల్లో, కీళ్లలో ఉంటుంది. కళ్లు మూసుకున్నా చెయ్యి ఎక్కడుందో తెలిసేది దానివల్లే. ఏళ్ల తరబడి ఒకే వంకరలో ఉంటే ఆ జ్ఞానానికి వంకరే తిన్నగా అనిపిస్తుంది. ఎవరైనా పట్టుకుని తిన్నగా నిలబెడితే ముందుకు పడిపోతున్నట్టు ఉంటుంది. అందుకే నిటారుగా కూర్చోమన్న సలహా పనిచేయదు. తనకు నిటారు అనిపించిన చోటికే మనిషి వెళ్తాడు. అది నిటారు కాదు, పాత బిగింపు మీద పెట్టిన కొత్త బిగింపు. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవారికి, మిషను కుట్టేవారికి, వంటగట్టు దగ్గర తల వంచి గంటలు గడిపేవారికి నొప్పి సాయంత్రానికి పెరగడంలో ఈ రెండో బిగింపు వాటా తక్కువేం కాదు. పెద్దవారి తల బరువు సుమారు 4.5 నుంచి 5 కిలోలు. అది వెన్ను మీద సరిగ్గా నిలిస్తే మెడ కండరాలకు పెద్ద శ్రమ ఉండదు. ముందుకు వాలిన కొద్దీ ఆ బరువును వెనక నుంచి పట్టి లాగుతూ ఉండాల్సింది ఆ కండరాలే.

చేయడం కన్నా.. మానడం

మరి అలెగ్జాండర్ ఎలా బయటపడ్డారు? చదవాలి అన్న ఆలోచన రాగానే తల వెనక్కి వెళ్తోందని ఆయన గుర్తించారు. నోరు తెరవకముందే బిగింపు మొదలవుతోంది. కాబట్టి ఆలోచన రాగానే చదవకుండా ఆగడం సాధన చేశారు. వాక్యం పలకాలని నిర్ణయించుకుంటారు, వెంటనే పలకడం మానేస్తారు. మెడను వదులుగా ఉండనివ్వాలని, తల ముందుకూ పైకీ వెళ్లనివ్వాలని, వీపు పొడవుగా వెడల్పుగా అవనివ్వాలని మనసులో అనుకుంటారు. ఏదీ బలవంతంగా చేయరు. ఆ స్థితిలో ఉండగా మూడింట్లో ఒకటి ఎంచుకుంటారు.. అనుకున్న వాక్యం పలకడం, పలకకుండా ఉండిపోవడం, లేదా అది మానేసి చెయ్యి ఎత్తడం లాంటి వేరే పని చేయడం. తర్వాత ఏం చేయబోతున్నామో ముందే ఖాయం కాకపోతే శరీరం పాత బిగింపును సిద్ధం చేసుకోలేదు మరి. ఈ సాధనకు ఎంతో కాలం పట్టింది. గొంతు తిరిగొచ్చింది. చిన్నప్పటి నుంచి ఉన్న ఊపిరి ఇబ్బంది కూడా తగ్గిందని ఆయన రాసుకున్నారు.

తోటి నటులు నేర్పమని వచ్చారు. మాటలతో చెబితే వాళ్లూ తాను చేసిన తప్పే చేస్తున్నారు. అందుకే చేత్తో నేర్పడం మొదలుపెట్టారు. మెడ మీద, వీపు మీద తేలిగ్గా చెయ్యి ఆనించి, కుర్చీలోంచి లేపుతూ, కూర్చోబెడుతూ, ఎక్కడ బిగుస్తున్నారో తెలియజెప్పడం. ఇది మసాజు కాదు. కీళ్లు విరవడం, ఎముకలు సర్దడం ఉండవు. కుర్చీలోంచి లేచే ప్రతిసారీ మెడ బిగించడం మన అలవాటు. రోజుకు ఎన్నిసార్లు లేస్తామో లెక్కేసుకుంటే ఆయన కుర్చీనే ఎందుకు పట్టుకున్నారో తెలుస్తుంది.

లండన్‌లో పెద్దమనుషులు

సిడ్నీలో కొన్నేళ్లు నేర్పాక, అక్కడి సర్జన్ స్టూవర్ట్ మెకే ప్రోత్సాహంతో 1904లో అలెగ్జాండర్ లండన్ వెళ్లారు. నటులు వచ్చారు, తర్వాత రచయితలు, రాజకీయ నాయకులు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వెళ్లివస్తూ నేర్పారు. అక్కడ తత్వవేత్త జాన్ డ్యూయీ శిష్యుడయ్యారు. అలెగ్జాండర్ పుస్తకాల్లో మూడింటికి ముందుమాటలు రాశారు. 1930ల్లో ఆల్డస్ హక్స్‌లీ వచ్చారు. జార్జ్ బెర్నార్డ్ షా సుమారు 80 ఏళ్ల వయసులో పాఠాలు మొదలుపెట్టారు. నేర్చుకోవడానికి ఆలస్యమైందనుకునేవారు ఈ అంకె గుర్తుపెట్టుకోవచ్చు. 1942లో రాయబారం మీద మన దేశానికొచ్చి, కాంగ్రెస్‌తో రాజీ కుదరక తిరిగెళ్లిన సర్ స్టాఫర్డ్ క్రిప్స్ గుర్తున్నారా? ఆయనా అలెగ్జాండర్ దగ్గర నేర్చుకున్నవారే.

1931లో లండన్‌లోని ఆష్లే ప్లేస్‌లో టీచర్లకు మూడేళ్ల శిక్షణ ప్రారంభించారు. తర్వాత తరాలకు పద్ధతి అందిందంటే దానివల్లే.

ఆయనలో లోపాలూ ఉన్నాయి. 1910లో వచ్చిన మొదటి పుస్తకంలో తెల్లజాతి గొప్పదన్న ఆ కాలపు అహంకారం కనిపిస్తుంది. ఇవాళ చదివితే మనసు చివుక్కుమంటుంది. తన పద్ధతి చాలా జబ్బులకు మేలు చేస్తుందన్నంత ధీమాగా రాసేవారు. డాక్టర్లలో కొందరు మెచ్చుకున్నారు, కొందరు మండిపడ్డారు. దక్షిణాఫ్రికాలో వ్యాయామ విద్యకు చెందిన డాక్టర్ ఎర్నస్ట్ జోకల్ 1944లో ఇదంతా నకిలీ వైద్యమంటూ వ్యాసం రాశారు. అలెగ్జాండర్ పరువు నష్టం దావా వేశారు. క్రిప్స్ ఆయన తరఫున సాక్ష్యం చెప్పారు. 1948లో కోర్టు వెయ్యి పౌండ్ల పరిహారం ఇప్పించింది. అప్పీలులోనూ ఆయనే గెలిచారు. అయితే కోర్టు తీర్పు వైద్యపరమైన రుజువు కాదు. అది రావడానికి మరో 60 ఏళ్లు పట్టింది.

ఈ కేసు నడుస్తుండగానే, 1947 చివర్లో అలెగ్జాండర్‌కు పక్షవాతం వచ్చింది. అప్పటికి వయసు 78. ఎడమ పక్క దెబ్బతింది. మళ్లీ నేర్పగలరని ఎవరూ అనుకోలేదు. కొన్ని నెలల్లో కోలుకుని శిష్యుల ముందు నిలబడ్డారు. ఆ తర్వాత చేతి స్పర్శ మునుపటికన్నా తేలికైందని దగ్గరున్నవారు చెప్పేవారు. దాదాపు చివరిదాకా నేర్పుతూనే ఉండి, 1955 అక్టోబరు 10న 86 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

రుజువు ఎంతవరకు?

1973లో వైద్యశాస్త్ర నోబెల్ అందుకున్న నికో టిన్‌బర్గెన్ తన ఉపన్యాసంలో పెద్ద భాగాన్ని అలెగ్జాండర్‌కు కేటాయించారు. తానూ, భార్య, కూతురూ పాఠాలు తీసుకుని మేలు పొందామని చెప్పారు. అదీ ఒక కుటుంబ అనుభవమే. అసలు పరీక్ష ఫలితం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. దీర్ఘకాల నడుంనొప్పి ఉన్న 579 మందిని గుంపులుగా చేసి ఏడాది తర్వాత చూశారు. మామూలు వైద్యం మాత్రమే అందినవారు నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పితో గడిపితే, 24 పాఠాలు నేర్చుకున్నవారు 3 రోజులు. ఆరు పాఠాలే నేర్చుకున్నవారు 11 రోజులు. ఆరు పాఠాలకు నడక లాంటి వ్యాయామం జోడిస్తే 24 పాఠాల ఫలితంలో 72 శాతం వరకూ దక్కింది. ఒక్కొక్కరికి విడిగా చెప్పే 24 పాఠాలంటే ఖర్చు తక్కువ కాదు కాబట్టి ఈ సంగతి మనలాంటి కుటుంబాలకు ముఖ్యం. 2015లో 517 మంది మెడనొప్పి రోగుల మీద మరో పరీక్ష జరిగింది. అక్కడా మామూలు వైద్యం ఒక్కటే అందినవారికన్నా పాఠాలు తోడైనవారికి ఏడాది తర్వాత నొప్పి ఎక్కువ తగ్గింది.

ఇవి నడుం, మెడ నొప్పుల సంగతులు. ఉబ్బసం లాంటి జబ్బులకు పనిచేస్తుందనడానికి గట్టి రుజువు లేదు. ఎవరైనా అలా చెబితే నమ్మి మందులు మానకండి.

మూడు నెలలు దాటిన నొప్పిలో దెబ్బ ఒక్కటే ఉండదు. నొప్పి వస్తుందన్న భయంతో కండరాలు ముందే బిగుస్తాయి. బిగిస్తే నొప్పి పెరుగుతుంది, దాంతో భయమూ పెరుగుతుంది. కదలకముందే మొదలయ్యే ఆ బిగింపును పట్టుకోవడమే అలెగ్జాండర్ సాధన. దాన్ని ఇంట్లో కొంత మొదలుపెట్టొచ్చు. ఫోను మోగగానే చెయ్యి చాచకండి. ఒక శ్వాస తీసి వదిలేంత సేపు ఆగి, మెడ ఏం చేస్తోందో చూసుకుని అప్పుడు తీయండి. కుర్చీలోంచి లేవాలనుకున్నప్పుడూ అంతే. బండి మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హ్యాండిల్‌ను ఎంత గట్టిగా పట్టుకున్నారో గమనించండి. వేళ్లు సడలిస్తే భుజాలు కాస్త దిగుతాయి. పిల్లలను మాత్రం రోజుకు పదిసార్లు నిటారుగా కూర్చోమనడం మానేసి, పుస్తకాన్ని కళ్లకు ఎదురుగా వచ్చేలా ఎత్తులో పెట్టివ్వండి.

నొప్పితో పాటు కాళ్లలో తిమ్మిరి, బలం తగ్గడం, మల మూత్రాల మీద పట్టు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా, కిందపడ్డాక నొప్పి మొదలైనా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా ఈ సాధనలు పక్కనపెట్టి వెంటనే డాక్టరును కలవాలి.

అవేమీ లేనివారు రోజుకోసారి పది, పదిహేను నిమిషాలు ఇలా చేసి చూడొచ్చు. పరుపు మీద వద్దు. నేల మీద చాప గానీ దుప్పటి గానీ వేసుకుని వెల్లకిలా పడుకోండి. తల కింద రెండు మూడు పుస్తకాలు పెట్టండి. గడ్డం పైకి లేచిపోతే పుస్తకాలు చాలలేదని, గొంతు నొక్కుకున్నట్టుంటే ఎక్కువయ్యాయని అర్థం. మోకాళ్లు మడిచి పాదాలు నేల మీద ఆనించండి. చేతులు పొట్ట మీద పెట్టుకోండి. కళ్లు తెరిచే ఉంచండి, నిద్రపోవడానికి కాదిది. వీపును నేలకు నొక్కే ప్రయత్నం చేయకండి. మెడ, భుజాలు, నడుం నేల మీద ఎక్కడెక్కడ ఆనుతున్నాయో ఒక్కొక్కటే గమనిస్తూ ఉండండి. నెలలు నిండుతున్న గర్భిణులు డాక్టరును అడగకుండా ఇలా పడుకోవద్దు. మోకాళ్ల నొప్పితో నేల మీదికి దిగలేనివారు గట్టి చెక్క మంచం వాడుకోవచ్చు. లేచేటప్పుడు తల ఎత్తి తిన్నగా లేవకండి. పక్కకు ఒత్తిగిలి, చేతి మీద ఆనుకుని, ఒక్క క్షణం ఆగి లేవండి.